వాహనానికి ఒక పద్దు, వైద్యానికి ఒక పద్దు: తెలుగునాట అత్యవసర చికిత్స ఖర్చు చరిత్ర

తెలుగునాట అత్యవసర వైద్యానికి డబ్బు చెల్లించే పద్ధతి 2005 ఆగస్టు 15కూ 2008 జులై 17కూ నడుమ, అంటే మూడేళ్లు నిండకముందే, మొదలంటా మారిపోయింది. మొదటి తేదీన హైదరాబాదులో 108 అంబులెన్సులు రోడ్డెక్కాయి. రెండో తేదీ నాటికి రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాలకూ చేరింది. ఒకటి రోగిని ఆసుపత్రి గుమ్మం దాకా ఉచితంగా తెచ్చింది. మరొకటి గుమ్మం లోపల జరిగే పెద్ద చికిత్సల భారాన్ని పేద కుటుంబాల నెత్తిమీద నుంచి దించి ఖజానాకు ఎత్తింది. ఈ రెంటినీ ఒకే సంక్షేమ విధానానికి రెండు చేతులుగా చెప్పుకోవడం పరిపాటి. అయితే ఆర్థికంగా అవి వేర్వేరు ఒప్పందాలతో, వేర్వేరు లెక్కలతో పుట్టినవి: అంబులెన్సుకు డబ్బు ముట్టేది అది సిద్ధంగా నిలిచి ఉన్నందుకు, ఆసుపత్రికి ముట్టేది చికిత్స పూర్తిచేసినందుకు. తర్వాతి రెండు దశాబ్దాల్లో అత్యవసర విభాగాలు ఎదుర్కొన్న ఆర్థిక చిక్కుల్లో చాలావాటికి మూలం ఈ తేడాలోనే ఉంది.

అనుకోని రోగి, ముందే పెట్టిన ఖర్చు

ముందుగా నిర్ణయించుకున్న చేరికకూ అత్యవసర చేరికకూ ఉన్న భేదం వైద్యంలో కంటే లెక్కల పుస్తకంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మోకీలు మార్పిడికో పిత్తాశయంలో రాళ్ల ఆపరేషనుకో వచ్చే రోగికి తేదీ ముందే ఖరారవుతుంది. పరీక్షలన్నీ చేరకముందే పూర్తవుతాయి. అడ్వాన్సు కట్టించుకోవడమో బీమా అనుమతి తెచ్చుకోవడమో జరిగాకే మంచం కేటాయిస్తారు. ఎన్నాళ్లకు ఇంటికి పంపవచ్చో కూడా దాదాపు తెలిసే ఉంటుంది. అంబులెన్సులో వచ్చిన రోగి విషయంలో వీటిలో ఏ ఒక్కటీ తెలియదు. అతడి పేరు తెలియకపోవచ్చు, వెంట మనిషి ఉండకపోవచ్చు, రేషన్ కార్డో బీమా కార్డో ఇంట్లో ఉండిపోయి ఉండవచ్చు. కట్టు కట్టి మూడు గంటల్లో పంపించేయవచ్చు, లేదా ఐసీయూలో మూడు వారాలు ఉంచవలసి రావచ్చు.

ఆసుపత్రి ఖర్చుల్లో రోగి వచ్చినా రాకపోయినా తప్పనివి కొన్ని, రోగుల సంఖ్యతోపాటు పెరిగేవి కొన్ని. మొదటి రకాన్ని అర్థశాస్త్రం స్థిర వ్యయం అంటుంది, రెండో రకాన్ని చర వ్యయం అంటుంది. మందులు, సెలైన్లు, దూది, కుట్టుదారం చర వ్యయంలోకి వస్తాయి. రాత్రి డ్యూటీ డాక్టర్లు, పిలిస్తే రావలసిన మత్తుమందు వైద్యుడు, బ్లడ్ బ్యాంకు, సీటీ స్కాన్, వెంటిలేటర్, ఖాళీగా ఉంచిన ఆపరేషన్ థియేటర్ స్థిర వ్యయంలోకి వస్తాయి. అత్యవసర విభాగంలో స్థిర వ్యయానిదే సింహభాగం. తెల్లవారుజామున రెండు గంటలకు ఒక్క రోగీ రాకపోయినా అక్కడి జీతాలు, కరెంటు, యంత్రాల మీది వడ్డీ ఆగవు. దీన్ని సంసిద్ధతా వ్యయం అనవచ్చు. రోగి కోసం ఎదురుచూస్తూ కూర్చోవడానికి అయ్యే ఖర్చు అన్నమాట.

దీనికి తోడు మరొక ప్రభావం ఉంది. మంచాలన్నీ నిండిన ఆసుపత్రికి తలకు గాయమైన రోగి వచ్చి ఐసీయూలో చేరితే, మర్నాటికి నిర్ణయించిన గుండె ఆపరేషన్ వాయిదా పడుతుంది. దాంతో ఆదాయం ఖాయంగా తెచ్చే రోగి స్థానంలో ఆదాయం తెస్తాడో లేదో తెలియని రోగి చేరినట్లవుతుంది. మంచాలు ఖాళీగా ఉన్న ఆసుపత్రికి మాత్రం అదే అంబులెన్సు వరమవుతుంది, ఎందుకంటే స్థిర వ్యయం ఎలాగూ పెట్టేశారు కనుక వచ్చిన ప్రతి రోగీ ఎంతో కొంత మిగులు చూపిస్తాడు. కనుక అత్యవసర చేరికలు ఆసుపత్రిని ముంచుతాయా తేలుస్తాయా అన్నదానికి ఒక్కటే జవాబు లేదు. మంచాలు ఎంతవరకు నిండి ఉన్నాయి, బిల్లు ఎవరు కడతారు, ఏ రేటున, ఎన్నాళ్లకు కడతారు అన్న నాలుగు సంగతులు కలిసి దాన్ని తేలుస్తాయి.

పెద్దాసుపత్రి గుమ్మం

తొలినాటి పెద్ద ఆసుపత్రుల్లో ఈ ప్రశ్న ఈ రూపంలో తలెత్తలేదు. విశాఖపట్నంలో 1923లో మొదలైన కింగ్ జార్జ్ ఆసుపత్రి గానీ, 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయాక ఏడో నిజాం కాలంలో కట్టి 1925 నాటికి పూర్తిచేసిన ఉస్మానియా ఆసుపత్రి గానీ ప్రభుత్వ ఖజానా మీద నడిచినవే. వాటికి ఏటా పద్దుల వారీగా డబ్బు వచ్చేది: జీతాలకు ఇంత, మందులకు ఇంత, రోగుల తిండికి ఇంత అని. రోగి ఒక్కొక్కరికి బిల్లు వేయడం లేదు కనుక ఏ రోగి వల్ల ఎంత నష్టమో లెక్కగట్టే అవసరమూ లేదు. ఈ పద్ధతిలో ఒక మేలు ఉంది: సంసిద్ధతా వ్యయం దానంతట అదే బడ్జెట్లో ఇమిడిపోతుంది. ఒక కీడూ ఉంది: రోగులు రెట్టింపైనా మందుల కోటా రెట్టింపు కాదు, కనుక పెరిగిన భారం ఒకే మంచం మీద ఇద్దరు రోగులుగా, బయటి దుకాణానికి రాసిన చీటీలుగా బయటపడుతుంది.

జిల్లా, తాలూకా స్థాయి ఆసుపత్రుల నిర్వహణకు 1986లో చట్టం చేసి ఆంధ్రప్రదేశ్ వైద్య విధాన పరిషత్తును ఏర్పాటు చేశారు. 1990ల మధ్యలో ప్రపంచ బ్యాంకు రుణంతో ఆ ఆసుపత్రుల భవనాలనూ పరికరాలనూ మెరుగుపరిచే పథకం నడిచింది. అదే కాలంలో కార్పొరేట్ వైద్యం వేళ్లూనుకుంది. చిత్తూరు జిల్లా అరగొండకు చెందిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి 1983లో మద్రాసులో స్థాపించిన అపోలో ఆసుపత్రి 1988లో హైదరాబాదు జూబ్లీహిల్స్‌కు విస్తరించింది; 1990ల్లో నగరంలో మరిన్ని పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు వచ్చాయి. వీటి పెట్టుబడి బ్యాంకు రుణాల నుంచీ వాటాదారుల నుంచీ వచ్చింది కనుక ప్రతి మంచానికీ రోజువారీ రాబడి లెక్క ఉండేది.

ఇలా ఒక పని విభజన అలిఖితంగా స్థిరపడింది. ముందే నిర్ణయించుకున్న ఆపరేషన్లు స్తోమత ఉన్నవారికి ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగేవి; రోడ్డు ప్రమాదాలు, పురుగుమందు తాగినవారు, కాలిన గాయాలవారు గుంటూరు, కర్నూలు పెద్దాసుపత్రులకో వరంగల్ ఎం.జి.ఎం.కో ఉస్మానియాకో చేరేవారు. దీనికి డబ్బు ఒక్కటే కారణం కాదు. ఇలాంటి కేసులను మెడికో లీగల్ కేసులు అంటారు. అంటే గాయం వెనుక నేరమో ప్రమాదమో ఉండే అవకాశం ఉన్నందున పోలీసులకు తెలియపరచి, గాయాల వివరాలు రిజిస్టరులో నమోదుచేసి, అవసరమైతే డాక్టరు కోర్టుకు వెళ్లి సాక్ష్యం చెప్పవలసిన కేసులు. ఆ తలనొప్పి, అడ్వాన్సు కట్టే మనిషి లేకపోవడం కలవడంతో ఎన్నో ప్రైవేటు ఆసుపత్రులు గేటు దగ్గరే పెద్దాసుపత్రి దారి చూపేవి. ఆ దారిన రోగిని చేర్చే వాహనం చాలా చోట్ల ఆటోనో, అద్దె జీపో, దారినపోయే లారీనో, మన్యంలో డోలీ.

తీర్పులు బాధ్యత పెట్టాయి, ధర పెట్టలేదు

ఈ అలవాటును సుప్రీంకోర్టు 1989 ఆగస్టులో పరమానంద్ కటారా కేసులో గట్టిగా ఖండించింది. కారు ఢీకొన్న స్కూటరిస్టును ఒక ఆసుపత్రి చేర్చుకోకుండా, మెడికో లీగల్ కేసులు చూసే అధికారమున్న మరో ఆసుపత్రికి పొమ్మనడం, అది సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉండటం, అతడు దారిలోనే చనిపోవడం గురించి పత్రికలో వచ్చిన వార్త ఆ వ్యాజ్యానికి ఆధారం. ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా ప్రాణం కాపాడటమే మొదటి విధి అనీ, పోలీసు లాంఛనాలు దానికి అడ్డు రాకూడదనీ కోర్టు స్పష్టం చేసింది.

1996 మే నెలలో వెలువడిన పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి తీర్పు మరో అడుగు ముందుకు వేసింది. 1992లో రైలు నుంచి పడి తలకు గాయమైన ఒక వ్యవసాయ కార్మికుడిని కలకత్తాలో ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి మంచం లేదనో సౌకర్యం లేదనో తిప్పి పంపగా, చివరికి అతడు ప్రైవేటు ఆసుపత్రిలో సుమారు 17,000 రూపాయలు ఖర్చుపెట్టి చికిత్స పొందవలసి వచ్చింది. కోర్టు 25,000 రూపాయల పరిహారం ఇప్పించి, నిధుల కొరత పేరుతో రాజ్యం తన రాజ్యాంగ బాధ్యత నుంచి తప్పుకోలేదని చెప్పింది. ఏ ఆసుపత్రిలో మంచం ఖాళీ ఉందో తెలిపే కేంద్రీకృత సమాచార వ్యవస్థ, పరికరాలూ సిబ్బందీ ఉన్న అంబులెన్సులు కావాలని కూడా సూచించింది. తొమ్మిదేళ్ల తర్వాత హైదరాబాదులో మొదలైన ఏర్పాటులో ఈ సూచన ఛాయలు స్పష్టంగా ఉన్నాయి.

ఇలాంటి పరిణామమే అమెరికాలో అంతకు కొద్దిగా ముందు జరిగింది. షికాగోలోని కుక్ కౌంటీ ప్రభుత్వ ఆసుపత్రికి ఇతర ఆసుపత్రులు పంపిన రోగుల మీద 1986లో అచ్చయిన అధ్యయనంలో నూటికి 87 మందిని పంపడానికి చూపిన కారణం తగిన బీమా లేకపోవడమేనని తేలింది. అదే ఏడాది అక్కడి కాంగ్రెసు, అత్యవసర విభాగానికి వచ్చిన ఎవరినైనా చెల్లించే శక్తితో నిమిత్తం లేకుండా పరీక్షించి, పరిస్థితి నిలకడగా మారేవరకు చికిత్స చేయాలని చట్టం చేసింది. అందుకు అయ్యే ఖర్చుకు మాత్రం నిధి కేటాయించలేదు. భారతదేశంలోనూ అదే జరిగింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 134వ సెక్షన్‌కు తర్వాత చేసిన సవరణ, 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కూడా బాధ్యతను చెప్పాయి. ఆ మొదటి గంటల చికిత్సకు ధర ఎంత, దాన్ని ఎవరు కట్టాలి అన్నది తెరిచే ఉండిపోయింది.

నిలబడినందుకు జీతం: 108

సత్యం కంప్యూటర్స్ వ్యవస్థాపకుడు బి. రామలింగరాజు కుటుంబం లాభాపేక్ష లేని సంస్థగా నెలకొల్పిన ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, క్లుప్తంగా ఇ.ఎం.ఆర్.ఐ., వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని 108 సేవను ప్రారంభించింది. సికింద్రాబాదు నుంచి మేడ్చల్ వెళ్లే దారిలో ఉన్న కాల్ సెంటరు ఫోన్ అందుకుని, దగ్గర్లోని వాహనాన్ని పంపేది. వాహనంలో పైలట్ అని పిలిచే డ్రైవరు, ఇ.ఎం.టి. అనే శిక్షణ పొందిన సహాయకుడు ఉండేవారు. దీని వెనుక ఉన్న వైద్య సూత్రం గోల్డెన్ అవర్. గాయపడిన తొలి గంటలో చికిత్స అందితే బతికే అవకాశం బాగా పెరుగుతుందన్న ఈ ఆలోచనను అమెరికాలోని బాల్టిమోర్‌కు చెందిన శస్త్రవైద్యుడు ఆర్. ఆడమ్స్ కౌలీ ప్రచారంలోకి తెచ్చాడు. ఎన్నికల సభల్లో రాజశేఖరరెడ్డి నోట వినిపించిన కుయ్ కుయ్ అనే అనుకరణ ఆ సైరన్ను ఊరూరా నాలుకల మీదికి ఎక్కించింది.

చరిత్రకారుడు ఇక్కడ గమనించవలసింది చెల్లింపు పద్ధతి. మొదట్లో వ్యవస్థాపకుల విరాళం గణనీయంగా ఉన్నా, కొద్ది ఏళ్లలోనే నడిపే ఖర్చులో 95 శాతం ప్రభుత్వం భరించే స్థితి వచ్చింది. అందువల్లే 2009 జనవరి 7న సత్యం లెక్కల కుంభకోణం బయటపడినా అంబులెన్సులు ఆగలేదు. నిర్వహణ బాధ్యత అదే ఏడాది జీవీకే గ్రూపు చేతికి వెళ్లింది. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో నిర్వాహకులు మారారు. 2020 జులై 1న విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర 108 సేవకూ, ఊళ్లకు వెళ్లే సంచార వైద్యశాలలైన 104 సేవకూ కలిపి 1,088 వాహనాలను ఒకేసారి ప్రారంభించారు. ఈ మార్పులన్నిటిలోనూ ఒప్పందాల వెన్నెముక మారలేదు: ఒక్కో వాహనానికి నెలకు ఇంత అని చెల్లింపు, ఆలస్యమైతే కోత. అంటే వాహనం రోజుకు రెండుసార్లు కదిలినా ఆరుసార్లు కదిలినా సిబ్బంది జీతాలూ నిర్వహణా గడిచేలా ప్రభుత్వం సంసిద్ధతనే కొనుక్కున్నది.

ఆ వాహనం ఆగే చోట ఇలాంటి ఏర్పాటు లేదు. 108 తెచ్చిన రోగుల్లో గర్భిణులు, రోడ్డు ప్రమాద బాధితులే అన్ని వర్గాల్లోకీ ఎక్కువ. వారిలో అధికభాగం చేరింది దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రులకే. అంతకుముందు దారిలో చనిపోయేవారు, నాటు వైద్యుల దగ్గరే ఆగిపోయేవారు ఇప్పుడు క్యాజువాలిటీ దాకా బతికి వస్తున్నారు. ఇది వైద్యపరంగా విజయం, బడ్జెట్ పరంగా భారం. రోగిని తెచ్చే సామర్థ్యం నెలల్లో పెరిగింది. చేర్చుకునే సామర్థ్యం పాత పద్దుల లెక్కనే నడిచింది. ప్రైవేటు ఆసుపత్రులు కొన్ని, తెచ్చిన రోగి ప్రాణాన్ని ముందు నిలబెట్టి తర్వాత డబ్బు సంగతి మాట్లాడతామని అవగాహనకు వచ్చినా, ఆ నిలబెట్టే ఖర్చుకు ఎదురు చెల్లింపు వాటి ఖాతాల్లో కనిపించలేదు.

ముగించినందుకు ప్యాకేజీ: ఆరోగ్యశ్రీ

ఆరోగ్యశ్రీకి ముందు పేద రోగి పెద్ద ఆపరేషనుకు ఆధారపడింది ముఖ్యమంత్రి సహాయ నిధి మీద. దరఖాస్తు, ఎమ్మెల్యే సిఫారసు, ఆసుపత్రి అంచనా పత్రం, మంజూరు లేఖ అన్న వరుసలో వారాలు గడిచేవి కనుక అది అత్యవసర చికిత్సకు పనికొచ్చేది కాదు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రారంభించిన రాజీవ్ ఆరోగ్యశ్రీ ఈ దయాదాక్షిణ్యాన్ని హక్కుకు దగ్గరగా తెచ్చింది. తెల్ల రేషన్ కార్డున్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయల వరకు, అవసరమైతే అదనంగా 50,000 వరకు చికిత్స. తొలి దశలో స్టార్ హెల్త్ బీమా సంస్థకు కుటుంబానికి 330 రూపాయల చొప్పున ప్రీమియం ప్రభుత్వమే కట్టింది. గుండె, క్యాన్సర్, మెదడు, నరాల శస్త్రచికిత్స, మూత్రపిండాల వ్యాధులు, కాలిన గాయాలు, పాలీట్రామా అంటే ఒకటికి మించి అవయవాలకు తగిలిన గాయాలు తొలి జాబితాలో ఉన్నాయి. 2008 జులై నుంచి మరెన్నో చికిత్సలకు ఆరోగ్యశ్రీ ట్రస్టు బీమా సంస్థ ప్రమేయం లేకుండా నేరుగా చెల్లించసాగింది. రెండూ కలిపి జాబితా 900 దాటింది.

ఇక్కడ చెల్లింపుకు కొలమానం ప్యాకేజీ. ఫలానా శస్త్రచికిత్సకు చేరిన రోజు నుంచి ఇంటికి పంపేవరకు, మందులు, భోజనం, తిరుగు ప్రయాణం, ఆ తర్వాతి సంప్రదింపులు కలుపుకుని ఇంత అని ముందే కట్టిన మొత్తం. రోగి తొందరగా కోలుకుంటే ఆసుపత్రికి మిగులు, ఆలస్యమైతే లోటు. సగటు రోగిని దృష్టిలో పెట్టుకుని కట్టిన ఈ ధర ముందే నిర్ణయించిన ఆపరేషన్లకు బాగానే సరిపోతుంది, ఎందుకంటే వాటిలో రోగికీ రోగికీ తేడా తక్కువ. అత్యవసర చేరికల్లో ఆ తేడా విపరీతం. తలకు గాయమైన పదిమందిలో ఒక్కరు నెలరోజులు వెంటిలేటర్ మీద ఉన్నా మిగతా తొమ్మిది ప్యాకేజీల మిగులూ కరిగిపోగలదు.

అత్యవసర కేసుల్లో అన్నిటి గతీ ఒకటి కాదు. గుండెపోటుతో వచ్చిన రోగికి వెంటనే స్టెంటు వేస్తే, చికిత్స కొన్ని గంటల్లో ముగిసి, కొద్ది రోజుల్లో మంచం ఖాళీ అయి, ప్యాకేజీ నిర్దిష్టంగా ఉంటుంది; ఆసుపత్రికి అది భరించగలిగే పద్దు, తరచు లాభదాయకమైన పద్దు. కాలిన గాయాలు, తలగాయాలు, పురుగుమందు తాగిన కేసులు దీనికి పూర్తిగా విరుద్ధం. అందువల్ల పథకం మొదలైన దశాబ్దంలో జిల్లా కేంద్రాల్లో స్టెంట్లు వేసే క్యాథ్ ల్యాబులు, ఎముకల ఆసుపత్రులు, మూత్రపిండాల్లో రాళ్ల కేంద్రాలు పెరిగినంతగా కాలిన గాయాల వార్డులు పెరగకపోవడం వింత కాదు. పెట్టుబడి ధర స్పష్టంగా ఉన్న చోటికే పోతుంది.

అనుమతి తంతును దగ్గరగా చూస్తే అత్యవసర చికిత్సకు ఈ చట్రం ఎంత కష్టం మీద సరిపోయిందో తెలుస్తుంది. మామూలు కేసులో ఆరోగ్యమిత్ర అని పిలిచే పథకం సహాయకుడు కార్డు చూసి నమోదు చేస్తాడు, ఆసుపత్రి తరఫున మెడ్కో అని పిలిచే సమన్వయ వైద్యుడు రిపోర్టులు ఆన్‌లైన్‌లో ఎక్కిస్తాడు, ట్రస్టు వైద్యులు వాటిని చూసి అనుమతిస్తారు, ఆ తర్వాతే చికిత్స. ప్రాణం మీదికి వచ్చిన కేసుకు ఫోన్ మీద అనుమతి ఇచ్చే వెసులుబాటు పెట్టారు. ఆ వెంటనే చికిత్స మొదలుపెట్టి, స్కాన్లు, మంచం మీద ఉన్న రోగి ఫోటోతో సహా పత్రాలన్నీ గడువులోగా పంపాలి. పత్రం తక్కువైనా, చివరికి తేలిన జబ్బు జాబితాలో లేకపోయినా అప్పటికే పెట్టిన ఖర్చు ఆసుపత్రి మీదే పడే ప్రమాదం ఉంది. మరోపక్క ఈ తనిఖీ లేకపోతే అవసరం లేని ఆపరేషన్లు పెరుగుతాయన్న భయమూ నిరాధారం కాదు.

రెంటి నడుమ ఖాళీ

ఈ ఖాళీని పాముకాటు అన్నిటికంటే బాగా చూపిస్తుంది. విస్తరించిన ఆరోగ్యశ్రీ జాబితాలో పాముకాటు చేరింది. అయితే అది వెంటిలేటర్ అవసరమైన పాముకాటుగా చేరింది. పొలంలో కాటు తిన్న రైతును 108 అరగంటలో ప్రాంతీయ ఆసుపత్రికి చేర్చి, అక్కడి డాక్టరు సకాలంలో విషానికి విరుగుడు సూది వేసి, రాత్రంతా కనిపెట్టుకుని ఉండి, మూడో రోజు నడిపించి పంపితే ఆ పనికి ప్యాకేజీ ఉండేది కాదు. ఆలస్యమై శ్వాస కండరాలు పనిచేయక వెంటిలేటర్ ఎక్కితే ప్యాకేజీ మొదలయ్యేది. అంటే అంబులెన్సు ఎంత బాగా పనిచేస్తే ఆసుపత్రికి వచ్చే చెల్లింపు అంత తగ్గే విచిత్రం ఏర్పడింది. దీన్ని ఎవరూ కావాలని చేయలేదు. దుబారాను అరికట్టడానికి చెల్లింపును తీవ్రతతో ముడిపెడితే వచ్చిన ఫలితం ఇది.

సొమ్ము వచ్చే వేళ మరో సమస్య. అనుమతించిన బిల్లులు నెలల తరబడి రాకపోతే, ఆసుపత్రి మందుల దుకాణదారుకూ సిబ్బందికీ అప్పు తెచ్చి చెల్లించాలి. ఆ వడ్డీ ఏ ప్యాకేజీలోనూ లేదు. 2019 ఆగస్టులో తెలంగాణలోనూ, 2024 మేలో ఆంధ్రప్రదేశ్‌లోనూ బకాయిల మీద ప్రైవేటు ఆసుపత్రుల సంఘాలు ఆరోగ్యశ్రీ సేవలు నిలిపివేసే దాకా వెళ్లాయి. ఇలాంటి ప్రతిష్టంభనలో ముందే నిర్ణయించిన ఆపరేషన్ను వాయిదా వేయవచ్చు గానీ, 1989 తీర్పు తర్వాత అత్యవసర రోగిని గేటు దగ్గర ఆపడానికి వీల్లేదు. కనుక బకాయిలు పేరుకున్నకొద్దీ ఆసుపత్రి రాబడిలో ఊహించగలిగే భాగం తగ్గి, ఊహించలేని భాగం మిగులుతుంది.

ఈ చిక్కు తెలుగునాటికే పరిమితం కాదని ఇంగ్లండు అనుభవం చెబుతుంది. అక్కడి జాతీయ ఆరోగ్య సేవలో 2003 నుంచి ఆసుపత్రులకు కేసుకు ఇంత అని చెల్లించే పద్ధతి వచ్చాక అత్యవసర చేరికలు పెరుగుతూ పోయాయి. వాటిని తగ్గించాలని 2010లో ఒక నిబంధన పెట్టారు: 2008-09 నాటి స్థాయికి మించి వచ్చిన ప్రతి అత్యవసర చేరికకూ మామూలు ధరలో 30 శాతమే ఇస్తారు. రోగి అంబులెన్సు ఎక్కడం ఆసుపత్రి చేతుల్లో లేదు కనుక, చేరికలు ఆగలేదు సరికదా, ఆసుపత్రుల నష్టాలు పెరిగాయి. 2015లో ఆ వాటాను 70 శాతానికి పెంచి, 2019లో ఆ విధానాన్నే మార్చి, స్థిరమైన మొత్తం కొంత, కేసుల సంఖ్యను బట్టి మారే మొత్తం కొంత కలిపిన మిశ్రమ చెల్లింపును తెచ్చారు. సంసిద్ధతకు వేరుగా విలువ కట్టాలన్న గుర్తింపు అక్కడ పదహారేళ్లకు వచ్చింది.

ఖాళీని పూడ్చే ప్రయత్నాలు

తెలుగు రాష్ట్రాల్లో సర్దుబాట్లు మరో దారిన సాగాయి. ఆంధ్రప్రదేశ్ 2020 జనవరిలో పశ్చిమ గోదావరి జిల్లాలో ప్రయోగాత్మకంగా 2,059 చికిత్సలకు జాబితాను పెంచి, వెయ్యి రూపాయలు దాటిన వైద్యాన్ని పథకం పరిధిలోకి తెచ్చింది; శస్త్రచికిత్స చుట్టూ అల్లుకున్న పథకంలోకి మందులతో చేసే చికిత్సలు పెద్ద ఎత్తున వచ్చింది అప్పుడే. 2023 డిసెంబరులో తెలంగాణ పరిమితిని 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. పరిమితి పెంపు కుటుంబానికి ధీమా ఇస్తుంది గానీ, తొలి గంట చికిత్సకు ధర కట్టే పని వేరే. లక్షల్లో ఖర్చయ్యే అవయవ మార్పిడికి అది ఉపయోగపడినంతగా క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీకి ఉపయోగపడదు.

సంసిద్ధత అంటే ఏమిటో కోవిడ్ రెండో ఉధృతి కళ్లకు కట్టింది. 2021 మే నెలలో ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాదు వస్తున్న అంబులెన్సులను కర్నూలు దాటాక పుల్లూరు టోల్‌ప్లాజా వంటి సరిహద్దు కేంద్రాల్లో తెలంగాణ పోలీసులు ఆపారు. ఏదో ఒక ఆసుపత్రిలో మంచం ముందే ఖరారైతేనే అనుమతి అన్నారు. తెలంగాణ హైకోర్టు మే 14న ఆ ఉత్తర్వుల అమలును నిలిపివేసింది. రాజ్యాంగపరంగా అది సంచార స్వేచ్ఛ, ప్రాణహక్కు గురించిన వివాదం. ఆర్థికంగా చూస్తే, ఉమ్మడి రాష్ట్రంలో దశాబ్దాల పెట్టుబడితో హైదరాబాదులో పోగుపడిన ఐసీయూ మంచాల మీద విభజన తర్వాత ఎవరికి ఎంత హక్కు, వాటిని సిద్ధంగా ఉంచే ఖర్చులో ఎవరికి ఎంత వాటా అన్న ప్రశ్న అందులో దాగి ఉంది.

తొలి గంటకు చట్టంలో ధర కట్టే ప్రయత్నం కేంద్రం వైపు నుంచి వచ్చింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం గోల్డెన్ అవర్‌ను గాయం తర్వాతి ఒక గంటగా నిర్వచించి, ఆ గంటలో నగదు రహిత చికిత్సకు పథకం తేవాలని చెప్పింది. జాప్యం మీద సుప్రీంకోర్టు 2025 జనవరిలో గడువు పెట్టాక, అదే ఏడాది మే 5న రోడ్డు ప్రమాద బాధితుల పథకాన్ని ప్రకటించారు. బాధితుడికి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల వరకు చికిత్స. గుర్తింపు లేని ఆసుపత్రి కూడా రోగి పరిస్థితి నిలకడగా మారే వరకు చేసిన వైద్యానికి చెల్లింపు కోరవచ్చు. అంతకు ముప్పై ఆరేళ్ల ముందు కోర్టు పెట్టిన బాధ్యతకు, రోడ్డు ప్రమాదాల మేరకైనా, ధర దొరికినట్టయింది.

ఇప్పటికీ ఈ చెల్లింపులన్నీ వచ్చిన రోగిని బట్టే లెక్కకు వస్తాయి. రాని రోగి కోసం కాచుకున్న రాత్రికి లెక్క లేదు. అందుకు నమూనా కోసం ఇంగ్లండు దాకా వెళ్లనక్కరలేదు. 2005 నుంచి ప్రభుత్వాలు మారినా, నిర్వాహకులు మారినా, రాష్ట్రమే రెండుగా చీలినా 108 వాహనం ఆగిపోకుండా నడవడానికి ప్రధాన కారణం, దానికి ట్రిప్పు లెక్కన కాక సిద్ధంగా ఉన్నందుకు నెల నెలా డబ్బు కట్టడమే. జాతీయ రహదారుల వెంట ఉన్న ఏరియా ఆసుపత్రుల క్యాజువాలిటీలకూ, జిల్లా కేంద్రాల్లో రాత్రిపూట తలుపు తెరిచి ఉంచే ప్రైవేటు ఆసుపత్రులకూ అదే సూత్రాన్ని వర్తింపజేసి, నెలవారీ స్థిర మొత్తం కొంత, ఆపైన కేసుకు ప్యాకేజీ అని విడదీస్తే, పాముకాటును వెంటిలేటర్ దాకా పోనివ్వకుండా ఆపిన డాక్టరు పనికి కూడా పద్దులో చోటు దొరుకుతుంది. వాహనానికి అన్వయించిన లెక్కను ఆసుపత్రికి అన్వయించకపోవడానికి ఆర్థిక కారణం కనిపించదు. ఆ రెండు ఒప్పందాలు వేర్వేరు బల్లల మీద, వేర్వేరు సంస్థలతో రాసుకున్నవి కావడమే దానికి చారిత్రక కారణం.